కరకరలాడే చేప, రొయ్య, స్క్విడ్: తోపు పిండిలో ముంచి ఇంట్లో వేయించే పద్ధతి మొత్తం

తోపు పిండిలో, అంటే ముక్కకు పైపూతగా పట్టే జారు పిండిలో, ముంచి వేయించిన చేప కుదిరిందో లేదో ఒక్కసారి కొరికితే తెలిసిపోతుంది. పైపొర కరకరలాడాలి. లోపల చేప ఆవిరి మీద ఉడికినట్టు మెత్తగా ఉండి, రసం పోకుండా రేకులు రేకులుగా విడిపోవాలి. ఇంట్లో చేసినప్పుడు చాలామందికి తలకిందులుగా వస్తుంది. పైపొర మెత్తబడి నూనె కారుతుంటుంది, చేపేమో ఎండిపోయి పీచుపీచుగా ఉంటుంది. లేదంటే ముక్క చేతిలోకి తీసుకోగానే తొడుగు ఊడి ప్లేటులో పడుతుంది.

మసాలా మార్చినా, నూనె మార్చినా ఈ బాధ తీరదు. తగువంతా నీటితో. తోపులో ఉన్న నీరు నూనెలో ఆవిరై బయటికి పోవాలి. చేపలో ఉన్న నీరు లోపలే ఉండిపోవాలి. ఇక చేప ఒంటి మీది తడి, పొయ్యి వెలిగించకముందే పోవాలి. కింద చెప్పే ప్రతి పనీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని కోసమే. ఆ సంగతి పట్టుకుంటే కొలతలు కాస్త అటూ ఇటూ అయినా వంట చెడదు.

నలుగురికి సరిపడా కావలసినవి ఇవి. ముల్లు తీసిన చేప 600 గ్రాములు, లేదా అంతే బరువు ఒలిచిన రొయ్యలు. ముక్కలకు పట్టించడానికి ఒక టీస్పూను ఉప్పు, పొడిగా అద్దడానికి నాలుగు టేబుల్‌స్పూన్ల కార్న్‌ఫ్లోర్. తోపుకి మైదా 150 గ్రాములు (దాదాపు కప్పుంబావు), బియ్యప్పిండి 50 గ్రాములు (కప్పులో మూడో వంతు), బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, ఉప్పు అర టీస్పూను, బాగా చల్లగా ఉన్న సోడా నీళ్లు 240 మిల్లీలీటర్లు. వేయించడానికి నూనె లీటరున్నర.

ఏ చేప, ఎంత మందం

కొవ్వు తక్కువగా ఉండే తెల్లకండ చేపలు ఈ వంటకు బాగా నప్పుతాయి. కాడ్, హాడక్, పొలాక్, పండుగప్ప, తిలాపియా, బాసా అన్నీ పనికొస్తాయి. బాసాలో నీరు ఎక్కువ కాబట్టి దానికి ఉప్పు పట్టించే పని అస్సలు వదలకూడదు. కానాగడతలు, కవళ్లు లాంటి కొవ్వు చేపలను తోపులో వేయించవచ్చు గానీ, వాటికే బోలెడు నూనె ఉంటుంది. పైన ఇంకో నూనె పొర ఎక్కితే రెండో ముక్కకే మొహం మొత్తుతుంది. వాటిని పెనం మీద కాల్చుకోవడమే మేలు.

నిజానికి చేప జాతి కన్నా ముక్క మందమే ముఖ్యం. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల మందం సరిగ్గా సరిపోతుంది. 180 డిగ్రీల సెల్సియస్ నూనెలో తోపు బంగారు రంగుకు రావడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆలోపే ముక్క నడిమధ్య 63 డిగ్రీలకు చేరాలి. రెండు సెంటీమీటర్ల ముక్కలో ఈ రెండూ ఒకేసారి పూర్తవుతాయి. నాలుగు సెంటీమీటర్ల దిమ్మయితే పైన మాడే వేళకు లోపల పచ్చిగానే ఉంటుంది. తోక వైపు పల్చటి ముక్కలను వేరుగా పెట్టుకుని చివర్లో వేయించండి, వాటికి రెండు మూడు నిమిషాలు చాలు.

తాజాదనం చూడటానికి ముక్కు, వేలు రెండూ కావాలి. సముద్రపు వాసన ఫర్వాలేదు, ఘాటైన నీచు వాసన, అమ్మోనియా వాసన వస్తే వద్దు. వేలితో నొక్కితే గుంట పడకుండా కండ వెంటనే పైకి లేవాలి. రొయ్యల తల దగ్గర, పెంకు మీద నల్ల మచ్చలు కనపడితే చాలామంది కుళ్లిపోయాయనుకుంటారు. అది పెంకు కింద జరిగే ఎంజైమ్ చర్య, కోసిన ఆపిల్ నల్లబడే తరహాదే. రొయ్యలు పట్టి కొంతసేపయిందని అర్థం గానీ, ఆ మచ్చ ఒక్కటే చూసి పారేయక్కర్లేదు. వాసన, గట్టిదనం బాగుంటే వాడుకోవచ్చు.

గడ్డ కట్టించిన చేపను చిన్నచూపు చూడక్కర్లేదు. కాకపోతే కరిగించే తీరు సరిగ్గా ఉండాలి. జల్లెడ గిన్నెలో వేసి, కింద పళ్లెం పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే కారిన నీరు కిందికి దిగిపోతుంది. తొందరగా కావాలంటే గాలి చొరని కవర్లో పెట్టి చన్నీళ్లలో ముంచండి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. వేణ్నీళ్లు పోయకండి. పైభాగం వెచ్చబడి సూక్ష్మక్రిములు పెరుగుతాయి, నడుమ మాత్రం ఐసు అలాగే ఉంటుంది. ఆ ఐసుతోనే నూనెలో వేస్తే అది కరిగి ఆవిరై తోపును చీల్చుకుని వస్తుంది. నూనె పొంగి పొయ్యి మీద పడే ప్రమాదమూ ఉంది.

తడి తీయడం

పిండి కలపడం ఎవరైనా శ్రద్ధగానే చేస్తారు. ఈ పని దగ్గరే బద్ధకిస్తారు, వంట సగం పాడయ్యేదీ ఇక్కడే.

చేప ముక్కల మీద టీస్పూను ఉప్పు సమంగా చల్లి, జల్లీ స్టాండు (తీగల స్టాండు) మీద పరిచి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా ఉంచండి. పదో నిమిషంలో చూస్తే ముక్క మీద చిన్న చిన్న నీటి బొట్లు తేలుతాయి. ఉప్పు లాగిన నీరు అది. అదే ఉప్పు కండలోని ప్రోటీన్‌ను కాస్త గట్టిపరుస్తుంది కాబట్టి, వేగేటప్పుడు లోపలి రసం తేలిగ్గా బయటికి కారదు. ఉప్పు రుచి కూడా ముక్క లోపలిదాకా పడుతుంది. ఆ తర్వాత పేపర్ టవల్‌తోనో శుభ్రమైన పొడి గుడ్డతోనో రెండు వైపులా అద్ది, మెల్లగా నొక్కి, తడంతా తీసేయండి. వేలు పెడితే ముక్క జారకూడదు, వేలికి కాస్త అతుక్కున్నట్టు ఉండాలి. అప్పుడే అది తోపును పట్టుకుంటుంది.

అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు, నిమ్మరసం కలిపి నానబెట్టే అలవాటు ఉంటే ఈ వంటకు దాన్ని కాస్త పక్కన పెట్టండి. తడి ముద్ద మీద తోపు నిలవదు. పైగా ముద్ద తునకలు నూనెలోకి ఊడిపడి మాడి, తర్వాత వేసే ప్రతి వాయికీ చేదు అంటిస్తాయి. నిమ్మరసంలో ఎక్కువసేపు నానితే చేప కండ మంట తగలకముందే తెల్లబారి పొడిపొడిగా అవుతుంది. మసాలా కావాలంటే కారం, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి లాంటి పొడి సరుకులను ఉప్పుతో పాటు ముక్కకే పట్టించండి. నిమ్మకాయ తినేముందు పిండుకోవచ్చు.

రొయ్యలకు ఇంకో రెండు పనులు ఎక్కువ. పెంకు ఒలిచి, తోక ఉంచి, వీపు మీద గాటు పెట్టి నల్ల నరం తీసేయండి. తోక రెబ్బల మధ్య నీరు దాక్కుని ఉంటుంది, నూనెలో వేయగానే చిటపటలాడి చేతుల మీద పడేది అదే. తోక కొసలను కత్తెరతో ఏటవాలుగా కత్తిరించి, కత్తి మొద్దు వైపుతో గీస్తే ఆ నీరు బయటికి వస్తుంది. రొయ్య చుట్ట చుట్టుకోకుండా నిటారుగా ఉండాలంటే పొట్ట వైపు అడ్డంగా మూడు నాలుగు లోతు తక్కువ గాట్లు పెట్టి, బోర్లా పడుకోబెట్టి, వేళ్లతో వీపు మీద మెల్లగా నొక్కండి. లోపల కండ పోగులు తెగడం చేతికి తెలుస్తుంది, రొయ్య ఒక్కసారిగా సాగుతుంది. రొయ్యలకు ఉప్పు పట్టించి పదిహేను నిమిషాలు ఉంచితే చాలు.

స్క్విడ్ (మెత్తని ఒళ్లు, పొడవాటి చేతులు ఉండే సముద్ర జీవి) లోపల గాజు పలకలాంటి పారదర్శకమైన ముల్లు ఉంటుంది, దాన్ని లాగేయాలి. సిరా సంచి, పేగులు, పైన ఊదారంగు పల్చటి పొర కూడా తీసేయాలి. పొర మిగిలితే దాని కింద ఆవిరి చేరి ముక్క టప్పున పేలుతుంది. శరీరాన్ని సెంటీమీటరు వెడల్పు చక్రాలుగా కోసి, చక్రం లోపలి వైపు కూడా తుడవండి. బయట తుడిచి లోపల మరచిపోవడం మామూలే.

తోపు పిండి

గోధుమ పిండికి (మైదా కూడా అదే) నీరు తగిలి, కలిపే కొద్దీ గ్లూటెన్ అనే జిగురు ప్రోటీన్ ఏర్పడి సాగుతుంది. రొట్టెకు అది వరం, ఇక్కడ శాపం. గ్లూటెన్ ఎక్కువైతే తోపు మందంగా, నమిలేలా తయారవుతుంది, లోపలి నీటిని కూడా బయటికి పోనివ్వదు. అందుకే ఈ పిండి విషయంలో జాగ్రత్తలన్నీ గ్లూటెన్‌ను అణచి ఉంచడానికే.

మొత్తం పిండిలో నాలుగో వంతు బియ్యప్పిండి ఉండేలా కలపడం మొదటి ఉపాయం. బియ్యంలో గ్లూటెన్ ఉండదు. బియ్యప్పిండి పూత నూనెను తక్కువ పీల్చుకుంటుంది, ఎక్కువసేపు గట్టిగా నిలుస్తుంది. కార్న్‌ఫ్లోర్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే దానితో పూత నున్నగా, గాజులా పెళుసుగా వస్తుంది. నా ఓటు బియ్యప్పిండికే, ఆ కొంచెం గరుకుదనం చేపకు బాగుంటుంది. మైదా లేకుండా చేయాలంటే బియ్యప్పిండి 120 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 80 గ్రాములు తీసుకుని ఒక గుడ్డు కలపండి. పిండి పట్టు కోసం గుడ్డు తప్పనిసరి.

చల్లదనం రెండో ఉపాయం. చల్లటి నీటిలో గ్లూటెన్ నెమ్మదిగా ఏర్పడుతుంది. పొడి పిండ్లన్నీ గిన్నెలో కలిపి, ఆ గిన్నెను పావుగంట ఫ్రీజర్‌లో పెట్టండి. సోడా సీసా ఫ్రిజ్‌లో వెనక భాగాన ఉండాలి. సోడాలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ వేడి తగలగానే బుడగలుగా బయటికి వస్తుంది. బేకింగ్ పౌడర్ కూడా అదే వాయువును వదులుతుంది. ఈ బుడగల వల్లే తోపు గుల్లగా వస్తుంది. బేకింగ్ పౌడర్ బదులు వంటసోడా వేస్తే సబ్బు రుచి వచ్చే ప్రమాదం ఉంది, పూత తొందరగా ఎర్రబడుతుంది కూడా. సోడా నీళ్ల బదులు చల్లటి బీరు పోసేవాళ్లూ ఉన్నారు. అందులో బుడగలతో పాటు ఆల్కహాల్ ఉంటుంది, అది గ్లూటెన్‌ను కొంత అడ్డుకుంటుంది, మాల్టు వల్ల రంగు బాగా వస్తుంది. బీరు లేకపోయినా వంటకేం లోటు రాదు.

నూనె కాగడం మొదలయ్యాకే పిండి కలపండి. దోసె పిండిలా నాననివ్వడం దీనికి పనికిరాదు, బుడగలు పోతాయి, గ్లూటెన్ బలపడుతుంది. పొడి పిండి మధ్యలో గుంట చేసి ముందు 220 మిల్లీలీటర్ల సోడా పోసి, ఫోర్కుతో పది పన్నెండు సార్లు తిప్పి ఆపేయండి. అక్కడక్కడా ఉండలు ఉంటాయి, ఉండనివ్వండి. ఉండలు లేకుండా చేయాలని గిలక్కొట్టారో, పూత తోలులా వస్తుంది.

చిక్కదనం చూడటానికి చెంచా వెనక వైపు ముంచి పైకెత్తండి. పిండి చెంచాను పూర్తిగా కప్పాలి, అడుగు కనపడకూడదు. వేలితో గీత గీస్తే ఆ గీత రెండు సెకన్లు నిలిచి, తర్వాత మెల్లగా కలిసిపోవాలి. గీత అలాగే ఉండిపోతే మిగిలిన సోడా పోయండి. గీత నిలవకపోతే చెంచాడు మైదా చల్లండి. రొయ్యలకు, స్క్విడ్‌కు పల్చటి పూత బాగుంటుంది, ఇంకో 30 మిల్లీలీటర్లు పోసుకోవచ్చు. పిండి గిన్నెను ఐసు ముక్కల గిన్నెలో కూర్చోబెడితే చివరి వాయిదాకా చల్లగా ఉంటుంది. తోపులో కారం ఎక్కువ వేయకండి, 180 డిగ్రీల దగ్గర అది మాడి నల్లబడుతుంది. చిటికెడు పసుపుకు అభ్యంతరం లేదు.

నూనె, పాత్ర

వాసన లేని రిఫైన్డ్ నూనె ఏదైనా సరే, పొద్దుతిరుగుడు, వేరుశనగ, తవుడు నూనె. రిఫైన్ చేయని నూనెలు తక్కువ వేడికే పొగ వదులుతాయి కాబట్టి ఈ పనికి పనికిరావు. పాత్ర లోతుగా, అడుగు మందంగా ఉండాలి. నూనె పోస్తే సగం మించకూడదు, చేప వేయగానే అది రెండంగుళాలు పైకి పొంగుతుంది. అడుగు నుంచి ఆరేడు సెంటీమీటర్ల నూనె ఉంటే ముక్క తేలుతూ వేగుతుంది.

చేపకు 180 డిగ్రీలు, రొయ్యలకు 180 నుంచి 190, స్క్విడ్‌కు 190. ముల్లు తరహా థర్మామీటరు ఒకటి ఉంటే సగం టెన్షన్ పోతుంది. దూరం నుంచి కాంతితో కొలిచే రకం నూనె పైపొర వేడినే చూపిస్తుంది, కాబట్టి కొలిచేముందు నూనెను ఒకసారి కలపండి. ఏ థర్మామీటరూ లేకపోతే పిండి చుక్క చెప్పేస్తుంది. చుక్క వేస్తే అడుగుకు వెళ్లి అక్కడే కూర్చుంటే నూనె ఇంకా కాగలేదు. సగం లోతుకు దిగి వెంటనే పైకి లేస్తే 170, 180 మధ్య ఉన్నట్టు. దిగకుండా పైపైనే చిటపటలాడితే 190 దాటింది, మంట తగ్గించండి. నూనె నుంచి పొగ వస్తుంటే మాత్రం పొయ్యి కట్టేసి చల్లారనివ్వండి.

నూనెకు నిప్పు అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పాత్రను ఎత్తుకుని పరిగెత్తకూడదు. నూనె కన్నా నీరు బరువు, అడుగుకు దిగి ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీరు ఆవిరిగా మారితే దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది, మండే నూనెను వంటగదంతా చిమ్ముతుంది. పొయ్యి కట్టేసి, సరిపోయే లోహపు మూత పక్క నుంచి జరిపి కప్పేయండి, పూర్తిగా చల్లారేదాకా తీయకండి. అందుకే వేయించడం మొదలు పెట్టేముందే మూత చేతికి అందేలా పెట్టుకోవాలి.

వేయించడం

ఇక్కడి నుంచి చేతులు వేగంగా కదలాలి. తుడిచిన ముక్కను కార్న్‌ఫ్లోర్‌లో దొర్లించి, ఎక్కువైంది దులపండి. పల్చటి పొడి పొర మిగలాలి. చేపకూ తోపుకూ మధ్య పట్టు ఇదే, మిగిలిన కాస్త తడిని కూడా ఇది పీల్చుకుంటుంది. అద్దిన ముక్కలను ముందే పేర్చి పెట్టుకుంటే పిండి తడిసి పేస్టు అవుతుంది, ఏ ముక్క ఆ నిమిషానే అద్దండి.

తోక కొసనో మూలనో పట్టుకుని తోపులో ముంచి పైకెత్తి, రెండు మూడు సెకన్లు కారనివ్వండి. నూనె మీదికి తెచ్చి, ముక్కలో మూడొంతులు నూనెలో ఉండేలా దింపి, వదలకుండా నాలుగైదు సెకన్లు అటూ ఇటూ మెల్లగా ఊపండి. కింది పూత గట్టిపడి ముక్క తేలడం మొదలవుతుంది. అప్పుడు మీకు ఎదురు వైపుకు జారవిడవండి. ఇలా చేస్తే ముక్క అడుగుకు అంటుకోదు, నూనె మీ మీదికి చిమ్మదు. జల్లి బుట్టలో పెట్టి దింపకండి, తోపు తీగల చుట్టూ గట్టిపడి బుట్టకు అతుక్కుపోతుంది.

ఒక్కో వాయికి రెండు మూడు ముక్కలే. చల్లటి చేప, చల్లటి పిండి పడగానే నూనె వేడి ఇరవై డిగ్రీలు పడిపోవచ్చు. ఒకేసారి ఆరు ముక్కలు వేస్తే 140కి దిగిపోయి మళ్లీ లేవదు. అప్పుడు తోపు వేగదు, నూనెలో నానుతుంది. ముక్కలు పడగానే మంట పెంచి, వేడి తిరిగి 175 దగ్గరికి వచ్చాక సర్దండి.

ఇప్పుడు చెవి పెట్టండి. మొదటి నిమిషంలో చప్పుడు జోరుగా ఉంటుంది, ముక్క చుట్టూ పెద్ద పెద్ద బుడగలు లేస్తాయి. తోపులోని నీరు ఆవిరై తోసుకొస్తోందన్నమాట. ఆ ఆవిరి అలా బయటికి పోతున్నంతసేపూ నూనె లోపలికి చొరబడలేదు. రెండో నిమిషం దాటాక ఒకసారి తిప్పండి. మూడు, నాలుగు నిమిషాల మధ్య బుడగలు చిన్నవవుతాయి, చప్పుడు సన్నబడి చిర్రుమంటుంది. నీరు చాలావరకు పోయింది, పూత గట్టిపడింది. చప్పుడు దాదాపు ఆగిపోయేదాకా ఉంచితే ఆ తర్వాత పోయేది చేపలోని నీరే.

రెండు సెంటీమీటర్ల చేపకు నాలుగు నుంచి ఆరు నిమిషాలు. అనుమానముంటే మందమైన ముక్క మధ్యలో థర్మామీటరు గుచ్చి 63 డిగ్రీలు చూడండి, లేదా ఫోర్కుతో చీల్చండి. కండ పారదర్శకత పోయి తెల్లబడి రేకులుగా విడిపోవాలి.

రొయ్యలకు రెండు, రెండున్నర నిమిషాలు చాలు. మామూలుగా రొయ్య ఎర్రబడటం చూసి ఉడికిందని తెలుసుకుంటాం. దాని ఒంట్లోని ఆస్టాజాంతిన్ అనే రంగు పదార్థం ప్రోటీన్‌కు కట్టుబడి ఉన్నంతసేపూ బూడిద, నీలి రంగులో కనపడుతుంది, వేడికి ఆ కట్టు విడిపోయి ఎరుపు బయటపడుతుంది. తోపు లోపల ఆ రంగు కనపడదు కాబట్టి తోక రెబ్బలు చూడండి, తర్వాత గడియారం చూడండి. మొదటి వాయిలో ఒక రొయ్యను కోసి చూసుకుంటే మిగతావాటికి సమయం తెలిసిపోతుంది.

స్క్విడ్ ఒకటి, ఒకటిన్నర నిమిషం. రెండు నిమిషాలు దాటితే కండ బిగుసుకుని రబ్బరులా సాగుతుంది. దాన్ని మళ్లీ మెత్తబరచాలంటే సన్నసెగ మీద అరగంటకు పైగా ఉడికించాలి, వేపుడులో ఆ అవకాశం లేదు. రంగు కాస్త తక్కువగా ఉన్నా సరే, తీసేయండి.

ప్రతి వాయి తర్వాత నూనెలో తేలే పిండి తునకలను సన్నకన్నాల జల్లి గరిటెతో తీసేయండి. మర్చిపోతే నాలుగో వాయికి నల్లచుక్కలు, చేదు ఖాయం.

తీశాక అసలు నూనె ఎక్కేది

వేపుడులో నూనె ఎక్కువగా పీల్చుకునేది పాత్రలో ఉన్నప్పుడు కాదు, బయటికి తీశాక. ముక్క చల్లబడే కొద్దీ పూత గుల్లలోని ఆవిరి నీరుగా మారుతుంది, అక్కడ ఏర్పడే ఖాళీ పైన అంటుకున్న నూనెను లోపలికి లాగుతుంది. అందుకని తీసిన మొదటి కొన్ని సెకన్లు ముఖ్యం. గరిటెను పాత్ర మీదే పట్టుకుని రెండు మూడు సార్లు దులపండి. వెంటనే జల్లీ స్టాండు మీద ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరచండి, స్టాండు కింద పళ్లెం పెట్టండి. పేపరు మీద కుప్పగా పోస్తే కింది వైపు ఆవిరి పట్టి నిమిషంలో మెత్తబడుతుంది. పేపరు తప్పనిసరైతే పది సెకన్లు అద్ది స్టాండు మీదికి మార్చండి.

పైన చల్లే ఉప్పు అప్పుడే చల్లాలి, నూనె మెరుపు ఆరితే ఉప్పు పట్టదు. నూనె పాత్ర మీద మాత్రం చల్లకండి, ఉప్పు పడిన నూనె తొందరగా చెడిపోతుంది. మిగతా వాయిలు అయ్యేదాకా వేడిగా ఉంచాలంటే 100 డిగ్రీల ఓవెన్‌లో స్టాండుతో సహా పెట్టండి. మూత ఉన్న డబ్బాలో మాత్రం అస్సలు వద్దు. సాస్ కూడా పక్కనే, పైన పోయకూడదు.

వేడిగా తినేయడమే దీనికి న్యాయం. తప్పనిసరిగా మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు 200 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది పది నిమిషాలు వేడి చేస్తే చాలావరకు కరకరమంటుంది. మైక్రోవేవ్ లోపలి నీటిని పూతలోకి నెడుతుంది కాబట్టి పనికిరాదు. ఎయిర్ ఫ్రయర్ కూడా ఇలా వేడి చేయడానికి బావుంటుంది. పచ్చి తోపు ముక్కను మాత్రం అందులో పెట్టకండి. చుట్టూ నూనె లేకపోతే పూత గట్టిపడేలోపే జల్లిలోంచి కారిపోతుంది. ఎయిర్ ఫ్రయరే వాడాలనుకుంటే రొట్టె పొడి అద్దిన చేప వండుకోండి, అది వేరే వంటకం.

ఎక్కడ తేడా వచ్చింది?

పూత ఊడిపోతుంటే ముక్క తడిగా ఉంది, లేదా కార్న్‌ఫ్లోర్ అద్దలేదు. నూనెలోకి జారవిడిచిన వెంటనే ముక్కను గరిటెతో కదిపినా ఇంతే, వదిలాక మొదటి అరనిమిషం దాన్ని ముట్టుకోకండి. పూతకూ చేపకూ మధ్య ఖాళీ ఏర్పడి తొడుగు వదులుగా ఉంటే చేపలో నీరు మిగిలింది, సాధారణంగా సగమే కరిగిన చేపలో ఇలా అవుతుంది.

పైన మాడి లోపల పచ్చిగా ఉంటే నూనె మరీ వేడిగానైనా ఉండాలి, ముక్క మందంగానైనా ఉండాలి. అప్పటికే వేయించిన ముక్కలను 180 డిగ్రీల ఓవెన్‌లో నాలుగైదు నిమిషాలు పెట్టి కాపాడుకోవచ్చు. నూనె కారుతుంటే వేడి చాలలేదు. పూత గట్టిగా, పంటికి సాగుతూ ఉంటే పిండిని ఎక్కువసేపు తిప్పి కలిపారు, ఇంకో వాయికి కొత్తగా కలపడమే దారి.

తీసేటప్పుడు కరకరలాడి ఐదు నిమిషాల్లో మెత్తబడితే తొందరపడి తీశారన్నమాట. ఇంకో నలభై సెకన్లు ఉంచాల్సింది. చేపకైతే రెండుసార్లు వేయించే పద్ధతి ఉంది. మొదట 165 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు వేయించి, ఐదు నిమిషాలు స్టాండు మీద ఆరనిచ్చి, 190 దగ్గర ఒక్క నిమిషం మళ్లీ వేయించాలి. మధ్యలో లోపలి తడి పూతలోకి వస్తుంది, రెండో వేపుడు దాన్ని తరిమేస్తుంది. మందమైన ముక్కలకు బాగా పనిచేస్తుంది, చుట్టాలు వచ్చినప్పుడు ముందే ఒక వేపుడు కానిచ్చుకోవచ్చు. రొయ్యలు, స్క్విడ్ ఈ రెండో వేడికి తట్టుకోవు.

మిగిలిన పిండి, మిగిలిన నూనె

పచ్చి చేప ముంచిన పిండిని దాచుకోకూడదు, పారేయండి. పొడిగా అద్దిన కార్న్‌ఫ్లోర్ కూడా అంతే.

నూనె పూర్తిగా చల్లారాక గుడ్డలోంచి వడకట్టి, గాలి, వెలుతురు తగలని సీసాలో పోసి చల్లటి చోట పెట్టండి. చేప వాసన పట్టేస్తుంది కాబట్టి సీసా మీద రాసి పెట్టి, మళ్లీ చేపలకే వాడండి. ఇంకో రెండుసార్లు వాడొచ్చు. ఈలోగా రంగు ముదిరి చిక్కబడినా, కాగేటప్పుడు పోని నురగ కట్టినా, 180 డిగ్రీలకే పొగ వచ్చినా దాని పని అయిపోయినట్టే. ఇంటికి వచ్చేవాళ్లలో రొయ్యలు పడనివాళ్లు ఎవరైనా ఉంటే రొయ్యలు వేయించిన నూనెలో వాళ్లకు ఇంకేమీ వేయించి పెట్టకండి. రొయ్యల అలర్జీకి ముఖ్య కారణమైన ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ వేపుడు వేడికి కూడా నశించదు, నూనెలోకి, అక్కడి నుంచి తర్వాత వేయించే ప్రతిదానికీ అంటుకోగలదు.

పనికిరాని నూనెను సింకులో పోయకండి, గొట్టాల్లో గడ్డకట్టి పూడుకుపోతుంది. మూత బిగించే పాత సీసాలో పోసి చెత్తలో వేయండి.